హై టాప్ బూట్లు కొంటున్నారా? ముందు మీ ప్యాంటు అంచు చూసుకోండి

ఉన్నమాట ముందే చెప్పుకుందాం. చీలమండ దాటి పైకొచ్చే ఆ పాతకాలపు హై టాప్ బూట్లు కాలికి సుఖంగా ఉండవు. సోలు పీటలా చదునుగా ఉంటుంది, లోపల మెత్త అంతంతమాత్రం. లేసులు కట్టడానికి రెండు నిమిషాలు, విప్పడానికి ఇంకో నిమిషం. పైగా మనది బెజవాడ. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఊళ్లో పిక్క దాకా బట్ట చుట్టుకుని తిరగడమంటే కష్టమే.

అయినా కావాలనిపిస్తుంది. నాకు పదిహేనేళ్లుగా అనిపిస్తూనే ఉంది. నల్ల కాన్వాసు, ముందు తెల్లటి రబ్బరు టోపీ, పొడుగ్గా పైకి పాకిన లేసులు. ఆ గీత కాలికి ఇచ్చే తీరు ఇంకే బూటూ ఇవ్వదు. ఎలాగూ సుఖాన్ని వదులుకుంటున్నాం కాబట్టి, వదులుకున్నదానికి తగ్గ అందం చేతికి రావాలి. చాలామంది దగ్గర తేడా వచ్చేది ఇక్కడే. బూట్లు మంచివే కొంటారు, కానీ వాటి మీదికి ప్యాంటు జారిపోయి ఏమీ కనపడదు. కాళ్లు నొప్పి, చూపుకు మామూలు. అలా కాకుండా ఏం చేయాలో చెబుతాను. మెత్తటి బూట్లే కావాలనుకుంటే పరుగు బూట్లు కొనుక్కోండి, అందులో తప్పేమీ లేదు.

ముందు ఇంట్లో, అద్దం ముందు

షాపుకు బయల్దేరక ముందు బీరువా తీయండి. వారంలో ఎక్కువసార్లు వేసుకునే మూడు ప్యాంట్లు బయట పెట్టండి. ఒక్కొక్కటీ వేసుకుని, వట్టికాళ్లతో నిలబడి, అంచు ఎక్కడ ఆగుతోందో చూడండి. కాన్వాసు హై టాప్ పై అంచు చీలమండ ఎముకకు సుమారు రెండు మూడు వేళ్ల పైన ఉంటుంది. ఆ చోట కాలి మీద బాల్ పెన్నుతో చిన్న గీత పెట్టుకోండి. మీ ప్యాంటు అంచుకూ ఆ గీతకూ మధ్య ఎంత దూరం ఉందన్నదే అసలు లెక్క.

కిందికి వచ్చేకొద్దీ సన్నబడే ప్యాంటు, అంచు సరిగ్గా ఆ గీతను తాకుతూనో, వేలెడు పైనో ఆగితే ఇంకేమీ చేయక్కర్లేదు. బూటు పూర్తిగా కనపడుతుంది, కాలు పొడుగ్గా ఉంటుంది.

తిన్నగా దిగే జీన్స్ అయితే అంచు బూటు మీద పడి పైభాగాన్ని మూసేస్తుంది. బయటికి బొటనవేలి దగ్గర తెలుపు ఒక్కటే కనపడుతుంది. అప్పుడు అది చీలమండ కిందే ఆగే లో టాప్ బూటులాగే ఉంటుంది, కష్టం మాత్రం హై టాప్‌దే. దీనికి రెండు దారులు. రెండు వేళ్ల వెడల్పున రెండు మడతలు వేయండి. మూడో మడత వేస్తే చీలమండ చుట్టూ లావుపాటి గాజు తొడిగినట్టుంటుంది, వద్దు. ఇంకో దారి, టైలరుకిచ్చి అంగుళమో అంగుళంన్నరో ఎత్తి కుట్టించడం. బూట్ల ఖరీదు ముందు ఆ కుట్టుకూలి ఎంత? నా మటుకు ప్రతి కొత్త జత వెనుకా టైలరు దగ్గరికి ఒక ప్రయాణం ఉంటుంది.

ప్యాంటు అంచును బూటు లోపలికి దోపడం నాకు నచ్చదు. గుడ్డ ముద్దకట్టి చీలమండ లావుగా కనపడుతుంది, నడుస్తుంటే పైకి లేచి వస్తుంది. అంచుకు ఎలాస్టిక్ ఉన్న జాగర్ ప్యాంటయితే దాన్ని బూటు పైనే ఆగనివ్వండి.

పొట్టిగా ఉన్నవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. బూటు రంగూ ప్యాంటు రంగూ బాగా వేరైతే కాలు ఆ గీత దగ్గర రెండు ముక్కలైనట్టు కనపడుతుంది. నల్ల జీన్స్ మీద నల్ల బూటు వేస్తే నడుము నుంచి నేల దాకా గీత తెగదు. నా ఎత్తు ఐదడుగుల ఐదంగుళాలు. నేను ముదురు రంగు ప్యాంట్ల జోలి వదలనిది అందుకే.

ఆడవాళ్లకు ఇందులో దారులెక్కువ. మంగళగిరి నేత కాటన్ కుర్తా, కింద చీలమండ పైన ఆగే తిన్నటి ప్యాంటు, దానికి తెల్ల కాన్వాసు హై టాప్ వేసి చూడండి. జరీ అంచూ తెల్ల రబ్బరూ ఒకదాన్నొకటి ఎత్తి చూపిస్తాయి. చీర మీద వేసుకోవాలనుకుంటే బూట్లు తొడుక్కున్నాకే కుచ్చిళ్లు పెట్టుకోండి. సోలు ఎత్తు కలిశాక అంచు నేలకు ఎంత దూరంలో ఉండాలో అప్పుడే తెలుస్తుంది. మగవాళ్లు పంచె మీద వేసుకుంటామంటే మాత్రం నేను వద్దంటాను. పంచె అంచు పడే చోటే బూటు పై అంచు వస్తుంది, రెండూ పోట్లాడుకుంటాయి.

ఏ రకం?

పాత తరహా అని చెప్పుకునేవాటిలో ప్రధానంగా మూడు ఆకారాలున్నాయి.

మొదటిది పల్చటి కాన్వాసుది. 1908లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం మాల్డెన్‌లో మార్క్విస్ మిల్స్ కాన్వర్స్ రబ్బరు బూట్ల కంపెనీ పెట్టాడు. 1917లో బాస్కెట్‌బాల్ ఆట కోసం ఆల్ స్టార్ వచ్చింది. ఆటగాడైన చక్ టేలర్ తరువాత ఆ కంపెనీలో సేల్స్‌మన్‌గా చేరి, ఊరూరా తిరిగి కుర్రాళ్లకు ఆట నేర్పుతూ బూట్లు అమ్మాడు. 1930లలో ఆయన సంతకం చీలమండ దగ్గరి నక్షత్రం బిళ్ల మీదికెక్కింది. 2003లో కాన్వర్స్‌ను నైకీ కొనేసింది. బూటు రూపం మాత్రం పెద్దగా మారలేదు. వందేళ్ల కిందటి ఆట బూటు కాబట్టే మెత్త తక్కువ. అప్పటికి అదే పెద్ద సౌకర్యం.

ఈ రకం పాదాన్ని సన్నగా, పొడుగ్గా చూపిస్తుంది. సన్నటి కాళ్లకు బాగా నప్పుతుంది. ఇందులోనే 2013లో వచ్చిన చక్ 70 అనే రకం ఉంది. కాన్వాసు మందం, సోలు పక్కన రబ్బరు పట్టీ ఎత్తు, మెరుపుతో లేత మీగడ రంగు, లోపల మెత్త కాస్త ఎక్కువ. చేతిలో డబ్బుంటే మామూలుదాని కంటే ఇదే తీసుకోమంటాను. మందపాటి కాన్వాసు పైభాగం కుంగిపోకుండా నిలబడుతుంది, హై టాప్ అందమంతా ఆ నిలబడటంలోనే ఉంది.

రెండోది స్కేట్‌బోర్డు వాళ్లది. 1966లో కాలిఫోర్నియాలో మొదలైన వ్యాన్స్ కంపెనీ 1978లో స్కేట్ హై తెచ్చింది. స్వెడ్ అనే నూగు తోలూ కాన్వాసూ కలిపి కుడతారు, పక్కన వంపు గీత, చీలమండ చుట్టూ మెత్తటి పట్టీ. ఆ పట్టీ వల్ల మడమ వెనుక కరవడం తక్కువ. చూడటానికి కొంచెం బరువైన బూటు, వదులు ప్యాంట్ల కింద బాగుంటుంది.

మూడోది పూర్తి తోలుది. పీటర్ మూర్ గీయగా 1985లో నైకీ అమ్మకానికి తెచ్చిన జోర్డన్ 1 అందరికీ తెలిసిందే. పిక్కలు బాగా సన్నగా ఉన్నవాళ్లు ఇది వేస్తే పాదం పెద్దదిగా కనపడుతుంది. మన ఎండలకు వేడీ ఎక్కువే. డిసెంబరు, జనవరి కోసం కొంటే సరే.

రంగు దగ్గర ఎక్కువ ఆలోచించకండి. మొదటి జత నలుపు. బందరు రోడ్డు దుమ్ముకు తెల్ల కాన్వాసు వారంలో మాసిపోతుంది, వాన పడ్డ రోజు మన నల్లరేగడి మట్టి అంటితే ఇక వదలదు. రెండో జత మీగడ రంగు తీసుకోండి. పాతబడ్డాక ఇంకా బాగుండే రంగు అదొక్కటే.

షాపులో

సాయంత్రం వెళ్లండి. పొద్దుటి నుంచీ నిలబడి తిరిగిన కాలు సాయంత్రానికి కొంచెం ఉబ్బుతుంది. పొద్దున సరిపోయిన బూటు సాయంత్రం కరుస్తుంది. మీరు వాడే పొడుగు కాటన్ సాక్సులు వేసుకెళ్లండి. గీత పెట్టి చూసుకున్న ప్యాంటే వేసుకెళ్లండి. ఈ రెండోది చాలామంది మరిచిపోతారు. షార్ట్స్‌లో వెళ్లి హై టాప్ కొంటే ఇంటికొచ్చాక ప్యాంటుతో కొత్త కథ మొదలవుతుంది.

ఇంట్లోనే కాగితం మీద పాదం పెట్టి, పెన్సిలు నిటారుగా పట్టి గీసి, మడమ నుంచి పొడుగైన వేలి దాకా సెంటీమీటర్లలో కొలుచుకోండి. రెండు పాదాలూ కొలవండి, పెద్దదే లెక్క. ఒక కంపెనీ ఎనిమిదో నంబరూ ఇంకో కంపెనీ ఎనిమిదో నంబరూ ఒకటి కావు. చాలా కంపెనీలు నాలుక లోపలి లేబుల్ మీద సెంటీమీటర్లు కూడా అచ్చేస్తాయి, దాన్ని చూసి అడగండి. కాన్వర్స్ కాన్వాసు బూట్లు సాధారణంగా పొడుగు ఎక్కువగా వస్తాయి. మామూలుగా తొడిగే నంబరు కంటే అర సైజు, ఒక్కోసారి ఒకటి తక్కువ సరిపోతుంది. కాకపోతే వెడల్పు తక్కువ. చిన్నప్పటి నుంచీ చెప్పులతో, వట్టికాళ్లతో తిరిగి పెరిగిన మన పాదాలు ముందువైపు విచ్చుకుని ఉంటాయి. అందుకని పొడుగు చూసి సైజు తగ్గించే ముందు చిటికెన వేలి దగ్గర ఒరుస్తోందేమో చూడండి. ఒరుస్తుంటే తగ్గించకండి.

ఇది నా కాలు నేర్పిన పాఠం. నా మొదటి జత బాబాయి కూతురి పెళ్లికని కొన్నాను. అద్దంలో చిన్న సైజు ముద్దుగా కనపడింది. షాపు కుర్రాడు కూడా, "వేసుకుంటుంటే సాగుద్దన్నా" అన్నాడు. కాన్వాసు పక్కలకు కొంచెం సాగుతుంది, నిజమే. ముందున్న రబ్బరు టోపీ మాత్రం సాగదు. ఆ రాత్రి రిసెప్షన్‌లో నాలుగు గంటలు నిలబడ్డాను. బొటనవేలి గోరు నల్లబడి, ఊడి, కొత్తది రావడానికి నెలలు పట్టింది. ఆ ఫొటోల్లో బూట్లు అద్భుతంగా ఉన్నాయి, నేను మాత్రం ప్రతి ఫొటోలో కుర్చీ వెతుక్కుంటున్నట్టు ఉన్నాను.

రెండు బూట్లూ తొడిగి లేసులు పై దాకా కట్టండి. నిలబడండి. వేళ్ల ముందు బొటనవేలి గోరు వెడల్పంత ఖాళీ ఉండాలి. మెట్లుంటే ఎక్కి దిగండి, మడమ లోపల లేచి పడుతోందేమో చూడండి. తరువాత గొంతుక్కూర్చోండి. హై టాప్ పై అంచు పిక్క కింద నరాన్ని నొక్కేది అప్పుడే. పది నిమిషాలు నడవండి. షాపు ఏసీలో, నున్నటి నేల మీద ఏ బూటైనా హాయిగానే ఉంటుంది కాబట్టి కుర్చీలో కూర్చుని బాగుందనుకోవద్దు.

అసలుదా, ఫస్ట్ కాపీనా అన్నది కూడా ఇక్కడే తేల్చుకోవాలి. బీసెంట్ రోడ్డులోనూ వన్‌టౌన్‌లోనూ రెండూ కళ్లబడతాయి. ఈ బూట్ల ప్రాణం సోలు అతుకులో ఉంది. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరుకు గంధకం కలిపి వేడిచేస్తే అది గట్టిపడి సాగే గుణం నిలుపుకుంటుందని కనిపెట్టాడు. ఆ పద్ధతే వల్కనైజింగ్. మంచి కాన్వాసు బూటుకు సోలూ, చుట్టూ ఉన్న రబ్బరు పట్టీ, పైబట్టా కలిపి బట్టీలో పెట్టి ఒక్కటిగా ఉడికిస్తారు. చవక నకిలీల్లో చాలావాటికి ఆ పని ఉండదు, జిగురే ఆధారం. బూటును వేళ్లు వంగే చోట బాగా వంచి, పట్టీకీ బట్టకూ మధ్య సన్నటి సందు తెరుచుకుంటోందేమో చూడండి. తెరుచుకుంటే కొన్నాళ్లలో అక్కడే ఊడుతుంది. నక్షత్రం బిళ్ల కాలి లోపలివైపు, అంటే రెండు కాళ్లూ ఎదురెదురుగా వచ్చే వైపు ఉండాలి. బయటివైపు ఉంటే చేతిలోంచి కింద పెట్టేయండి. డబ్బు తక్కువుంటే దొంగ బిళ్ల వేసిన బూటు కంటే ఏ పేరూ లేని నికార్సైన కాన్వాసు బూటు మేలు. దానికీ అదే ఆకారం ఉంటుంది, అదే గీత వస్తుంది.

ఏ నొప్పి ఒప్పుకోవచ్చు, ఏది ఒప్పుకోకూడదు

అందం కోసం కొంత భరించాలని నేనే అన్నాను. అయితే భరించేవీ భరించకూడనివీ వేరు.

సాయంత్రానికి అరికాలు బరువెక్కడం, కొత్తలో బట్ట బిరుసు, లోపల వేడి, లేసులతో ఆలస్యం, ఇవి ఒప్పుకోవచ్చు. వేళ్లు తిమ్మిరెక్కడం, చిటికెన వేలు పక్కవేలి మీదికెక్కడం, మడమ వెనుక నరం మీద ఒరుపు ఒప్పుకోకూడదు. ఆ బూటు మీది కాదు. పొద్దున మంచం దిగగానే మడమలో పొడిచినట్టుండేవాళ్లు ఇంత చదును సోలుతో రోజంతా తిరగకండి. షుగర్ ఉన్నవాళ్లకైతే నా మాట ఒక్కటే, వీటి జోలికి పోకండి. షుగర్ వల్ల పాదాల స్పర్శ తగ్గితే బూటు కరిచినా తెలియదు. తెలిసేసరికి పుండు పడుతుంది. ఇంట్లో నాన్నగారికో అత్తగారికో బహుమతిగా కొనాలనుకునేవాళ్లు కూడా ఇది ముందు ఆలోచించండి.

చదును సోలు బాధ తగ్గించాలంటే లోపల పల్చటి ఇన్‌సోల్ వేసుకోవచ్చు. మందంది వేస్తే పాదం పైకి లేచి మడమ జారుతుంది, లేసుల కింద ఒత్తుకుంటుంది. అందుకే ఇన్‌సోల్ వేసే ఉద్దేశం ఉంటే దాన్ని షాపుకే పట్టుకెళ్లి, లోపల పెట్టి సైజు చూసుకోండి.

సాక్సుల దగ్గర పొదుపు చేయకండి. బూటు పై అంచు కంటే పైకి వచ్చే కాటన్ సాక్సులే వేయాలి. చీలమండ కిందే ఆగే పొట్టి సాక్సులతో హై టాప్ వేస్తే కాన్వాసు అంచు చర్మాన్ని నేరుగా ఒరుస్తుంది, మధ్యాహ్నానికల్లా ఎర్రటి గీత పడుతుంది.

బండి, గుడి, ఎండ, వాన

మన ఊళ్లో బండి లేనిదే పని జరగదు. గేర్ల బండి నడిపేవాళ్లకు ఎడమ బూటు తెల్ల టోపీ మీద నెలలోనే నల్ల మచ్చ పడుతుంది, గేరు రాడ్డు పైకెత్తే చోట. రాడ్డుకు రబ్బరు తొడుగు వేయించుకుంటే చాలావరకు తగ్గుతుంది. మచ్చ పడితే పాత టూత్‌బ్రష్‌తో కొంచెం టూత్‌పేస్టు వేసి రుద్దండి. కుడికాలు సైలెన్సర్‌కు తగలకుండా చూసుకోండి, రబ్బరు అంటుకుని మచ్చ పడితే ఇక పోదు. లేసుల కొసలు వేలాడనివ్వకండి, ముడేశాక బూటు లోపలికి దోపేయండి.

గుడికెళ్లే రోజు, చుట్టాలిళ్లకు తిరిగే రోజు హై టాప్ వద్దు. ఇంద్రకీలాద్రి కింద చెప్పుల స్టాండు దగ్గర, వెనక జనం తోసుకుంటుంటే వంగి రెండు బూట్ల లేసులు విప్పడం మీకూ ఇబ్బంది, వాళ్లకూ ఇబ్బంది. తప్పని రోజున పై రెండు కన్నాల్లోంచి లేసు తీసేసి, కింద వదులుగా కట్టుకోండి. నాలుక ముందుకు వాలి మూతి తెరుచుకుంటుంది, పాదం తేలిగ్గా బయటికొస్తుంది. నిజానికి అలా వదిలేస్తే చూడటానికీ బాగుంటుంది, మెట్లెక్కేటప్పుడు పిక్క కింద ఒత్తిడీ ఉండదు. మడమను తొక్కి చెప్పుల్లా మాత్రం ఈడ్చకండి. మడమ అట్ట ఒకసారి విరిగితే బూటు మళ్లీ నిలబడదు.

ఏప్రిల్, మే నెలల్లో పగటిపూట వీటిని బయటికి తీయకండి. సాయంత్రం ఆరు తరువాత సరే. వానలో అసలే వద్దు. కాన్వాసు నీళ్లు తాగేస్తుంది, నున్నటి సోలు తడి గ్రానైటు మీద జారుతుంది. కొన్ని కాన్వర్స్ జతల అడుగున కొత్తలో పల్చటి బట్ట నూగు కూడా ఉంటుంది. సోలుకు బట్ట ఉంటే అమెరికాలో దిగుమతి సుంకం తక్కువ, అందుకు వేస్తారు. అది అరిగే దాకా షాపుల నున్నటి నేలల మీద చూసి నడవండి.

తడిస్తే లేసులు తీసి, నాలుక బయటికి లాగి, లోపల దినపత్రిక కాగితాలు కుక్కి ఫ్యాను కింద పెట్టండి. ఎండలో పెట్టకండి. ఎండకు రబ్బరు పసుపెక్కుతుంది, కాన్వాసులో మిగిలిపోయిన సబ్బు కూడా పసుపు మచ్చగా తేలుతుంది. ఉతికినప్పుడు నీళ్లు తేటగా వచ్చేదాకా కడగాలనేది అందుకే.

పట్టీ ఊడితే ఏం చేయాలో నాకు గవర్నర్‌పేటలో చెప్పులు కుట్టే పెద్దాయన చెప్పాడు. నేను కుట్టమని ఇచ్చాను. ఆయన బొటనవేలితో నొక్కి చూసి, "ఇది కుట్టు పట్టదు బాబూ, కన్నం పెడితే రబ్బరు చిరిగిద్ది. అంటిస్తా, రాత్రంతా బరువు కింద పెట్టుకో" అన్నాడు. "రేపు వేసుకోవచ్చా బాబాయ్?" అంటే, "ఎల్లుండి" అన్నాడు. ఆ జత తరువాత రెండేళ్లు నడిచింది.

మొదటి వారం

ఇంటికి తెచ్చిన రోజే వేసుకుని బయటికి పోకండి. బిల్లూ డబ్బా దాచి, శుభ్రంగా తుడిచిన నేల మీద ఇంట్లోనే అరగంట తిరగండి. సాక్సులు విప్పి పాదాలు చూసుకోండి. లేసుల కింద లేత గుర్తులుంటే పర్వాలేదు. చిటికెన వేలి పక్కనో మడమ వెనుకో ఎర్రగా ఉంటే, మర్నాడు ఇంకో అరగంట వేసి చూడండి. అదే చోట మళ్లీ ఎరుపు కనపడితే ఆలోచించకండి. సోలుకు దుమ్ము అంటకముందే, మార్చుకునే గడువు దాటకముందే, బిల్లు పట్టుకుని షాపుకెళ్లి పై సైజు అడగండి.